స్వల్పకాలం ఎన్నేళ్లు?

బన్సీలాల్‌పేట్ అనగానే ఇప్పుడు అందరికీ మెట్లబావి గుర్తొస్తుంది. చెత్తతో పూడిపోయిన ఆ బావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచాక సికింద్రాబాద్ చూడవచ్చినవాళ్లు అటో చూపు వేసి పోతున్నారు. నాకు కావలసిన చోటు మాత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఐడీహెచ్ కాలనీ. రెండు పడకగదుల ఇళ్ల పథకానికి తెలంగాణ ప్రభుత్వం తొలి నమూనా కట్టి చూపించింది ఇక్కడే. 396 ఇళ్లు, ఒక్కో ఇల్లు 580 చదరపు అడుగులు. 2015 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు గృహప్రవేశాలు చేయించారు. ఆ ఇళ్లు చూసిన చుట్టుపక్కల బస్తీలవాళ్లంతా తమకూ వస్తాయని ఆశపడ్డారు.

కాంట్రాక్టర్లు మాత్రం వెనకాడారు. గ్రేటర్ హైదరాబాద్‌లో ఈ పథకానికి సర్కారు ఒక ధర ఖాయం చేసింది. మూడంతస్తుల తరహా భవనమైతే ఇంటికి 7 లక్షల రూపాయలు, తొమ్మిదంతస్తుల తరహా అయితే 7.90 లక్షలు. ఆ రేటుకు గిట్టదంటూ మొదట్లో చాలాచోట్ల టెండర్లకు స్పందనే రాలేదు. సర్కారు సిమెంటు కంపెనీలను పిలిపించి బస్తా 230 రూపాయలకు ఇచ్చేలా ఒప్పించింది, ఇసుక ఉచితమంది. అలా సిమెంటు ధర కట్టడైంది, ఇసుక ఖర్చు పోయింది. మిగిలింది కూలి. సిమెంటు కంపెనీలనైతే సచివాలయానికి పిలిచి మాట్లాడవచ్చు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే తాపీమేస్త్రీని, సెంట్రింగ్ పనివాడిని, సువ్వ వంచేవాడిని పిలిచి మూడేళ్లకు రేటు రాయించుకోవడం ఎవరి తరం?

పాఠ్యపుస్తకంలోని బొమ్మ దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ ధర కదులుతుంది, కూలి కదలదు. బజారులో సరుకుల ధరలు పెరిగాయనుకుందాం. యజమాని అమ్మే వస్తువుకు ఎక్కువ డబ్బు వస్తోంది, పనివాడికి ఇచ్చేది నిరుడు ఒప్పుకున్న జీతమే. మధ్యలో మిగులు పెరిగింది కనుక ఇంకో షిఫ్టు నడుపుతాడు, ఇంకో నలుగురిని పనిలో పెట్టుకుంటాడు. దేశంలోని యజమానులందరి లెక్కా కలిపి గీస్తే, ధరల స్థాయి పెరిగేకొద్దీ ఉత్పత్తి పెరిగే గీత ఒకటి వస్తుంది. దాన్నే స్వల్పకాలిక సమష్టి సప్లయి రేఖ అంటారు. కొన్నాళ్లకు జీతాలూ పెరిగి ధరలను అందుకుంటాయి. మిగులు కరిగిపోతుంది, రేఖ ఎడమకు జరుగుతుంది. అంటే నిన్న వంద రూపాయలకు వచ్చిన సరుకు ఇవాళ నూటపదికి గాని రాదు, వందే ఇస్తామంటే సరుకు తగ్గుతుంది. రేఖను కుడికి జరిపే శక్తి ఒకటుంది. అదే ఉత్పాదకత. ఒక మనిషి ఒక గంటలో చేసే పని పెరిగితే, అదే ధరకు ఎక్కువ సరుకు బయటికొస్తుంది.

ఇంతవరకూ ఇంటర్ పిల్లలకు కూడా తెలిసిన సంగతే. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ 'స్వల్పకాలం' ఎంతకాలం? ఆరు నెలలా, ఏడాదా? పుస్తకం అంకె చెప్పదు. జీతాలు ధరలను అందుకునేలోపు గడిచేదంతా స్వల్పకాలమే. అంటే దాని పొడవును తేల్చేది క్యాలెండరు కాదు. జీతం సవరించే కలం ఎవరి చేతిలో ఉంది, ఎదురుగా నిలబడి అడిగేవాడి గొంతుకు ఎంత బలముంది అన్నవే తేలుస్తాయి. మన దగ్గర అది ఎంతెంత సాగిందో కొలిచి చూస్తే సప్లయి రేఖ గురించి మనం సాధారణంగా పడే భయంలో సగం అర్థం లేనిదని తెలుస్తుంది.

బన్సీలాల్‌పేట్‌కు దగ్గర్లోనే రాణిగంజ్ ఆర్టీసీ డిపో. 2015 మే నెలలో ఎనిమిది రోజుల సమ్మె తర్వాత కార్మికులకు 44 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. తర్వాతి వేతన సవరణ 2017లో జరగాలి. 2018లో 16 శాతం మధ్యంతర భృతి ఇచ్చి సరిపెట్టారు. 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచి, చేతికేమీ రాకుండా ముగిసింది. సమ్మె ముగిసిన కొద్ది రోజులకే, అదే ఏడాది డిసెంబరులో బస్సు చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. 2017 నాటి సవరణ మీద 21 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించేసరికి 2024 మార్చి వచ్చింది. అంటే ఆర్టీసీ డ్రైవరు విషయంలో స్వల్పకాలం ఏడేళ్లు! పైగా జీతం పెంచితే ధర పెరుగుతుందని పాఠం చెబుతుంటే, ఇక్కడ ధర ముందే పెరిగి కూర్చుంది. డీజిలు, పాత నష్టాలు, కొత్త బస్సులు అంటూ దానికి వేరే కారణాలున్నాయి. మధ్యలో కరవు భత్యం కొంత ఆదుకున్న మాటా నిజమే. ఏమైనా టికెట్టు ధర పెరిగినప్పుడల్లా 'జీతాల భారం' అని నిట్టూర్చే అలవాటున్నవాళ్లు ఈ తేదీలను ఒకసారి వరసగా పెట్టుకుని చూడాలి.

సినిమావాళ్ల వ్యవహారం ఇంతకన్నా పద్ధతిగా నడుస్తుంది. కార్మికుల వేతనాలను మూడేళ్లకోసారి సవరించుకోవడం అక్కడ రివాజు. కదలని వేతనానికి ఉదాహరణ కావాలంటే అమెరికా పుస్తకాలు తిరగేయక్కర్లేదు, ఫిల్మ్‌నగర్ దాకా వెళ్తే చాలు. 2025 జూన్‌తో పాత ఒప్పందం గడువు తీరింది. కార్మికుల ఫెడరేషన్ 30 శాతం పెంపు అడిగింది. నిర్మాతలు కాదన్నారు. ఆగస్టు 4న షూటింగులు ఆగాయి. పద్దెనిమిది రోజుల తర్వాత, ప్రభుత్వం కల్పించుకున్నాక రాజీ కుదిరింది. రోజుకు 2,000 రూపాయల లోపు తీసుకునేవారికి మూడేళ్లలో మొత్తం 22.5 శాతం: తొలి ఏడాది 15, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5. అంతకుమించి 5,000 లోపు వచ్చేవారికి 7.5, 5, 5.

అప్పట్లో 'ఇంత పెంచితే పరిశ్రమ ఏమైపోవాలి' అన్న మాట గట్టిగానే వినిపించింది. లెక్క వేద్దాం. పాత వేతనాలు స్థిరంగా ఉన్న మూడేళ్లలో దేశంలో సగటు చిల్లర ద్రవ్యోల్బణం 2022-23లో 6.7 శాతం, 2023-24లో 5.4, 2024-25లో 4.6. మూడూ గుణిస్తే ధరలు మొత్తంగా పదిహేడున్నర శాతం పైచిలుకు పెరిగినట్టు. ఇది దేశం మొత్తం సగటు, సినీ కార్మికులుండే కృష్ణానగర్‌లో గది అద్దె ఈ సగటును అడిగి పెరగదు. అయినా దీన్నే కొలబద్దగా తీసుకుంటే, తొలి ఏడాది ఇచ్చిన 15 శాతం వెనకటి మూడేళ్ల ధరలను కూడా పూర్తిగా అందుకోలేదు. నిజ వేతనం 2022 జులైలో ఉన్నచోటికి ఇంకా చేరనేలేదు. ఈ మూడేళ్లూ తరిగిపోతూ వచ్చిన నిజ వేతనం నిర్మాతకు కార్మికుడు ఇచ్చిన వడ్డీలేని చేబదులు. సమ్మె చేసి తెచ్చుకున్నది ఆ చేబదులులో ఎక్కువ భాగం, అదీ మూడు వాయిదాల్లో. దాన్ని సప్లయి రేఖను ఎడమకు నెట్టే కొత్త భారంగా చూడటం న్యాయం కాదు. మూడేళ్లపాటు కార్మికుడి ఖర్చుతో కాస్త కుడికి జరిగి నిలబడ్డ రేఖ తన అసలు చోటికి చాలావరకు తిరిగొచ్చింది, అంతే.

నిర్మాతలు అడిగినదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. వేతనం పెంచుతాం, కాల్షీట్ వేళల్లో పట్టువిడుపులు ఉండాలన్నారు. నిజంగా ఉత్పాదకత మాట ఎత్తింది అక్కడే. కానీ సెట్లో ఉత్పాదకత ఎవరి చేతిలో ఉంటుంది? లైట్‌మన్ లైటు పెట్టుకుని నాలుగు గంటలు కూర్చుంటే, ఆ నాలుగు గంటల్లో అతని ఉత్పాదకత సున్నా అని కాగితం మీద తేలుతుంది. క్యారవాన్ తలుపు తెరుచుకోలేదన్న సంగతి ఆ కాగితం మీద ఉండదు. ఒక సినిమా ఖర్చులో సింహభాగం ఎవరి పారితోషికాలకు పోతుందో పరిశ్రమలో అందరికీ తెలుసు. సమ్మెకాలంలో దాని గురించి గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

ఇక్కడే అసలు కీలకం. సప్లయి రేఖను కదిలించేది కూలి ఒక్కటే కాదు, ఉత్పాదకత ఒక్కటే కాదు. రెండింటి నిష్పత్తి. ఒక్కో వస్తువు మీద పడే కూలి ఖర్చు ఎంత అన్నదే లెక్క. బన్సీలాల్‌పేట్ పక్కనున్న భోయిగూడ సామిల్లుల వైపు నడుస్తూ గుండ్రటి అంకెలతో ఓ ఊహా లెక్క కడదాం. పనివాడికి రోజుకు 800 రూపాయలు, రోజుకు 40 దుంగలు కోస్తాడు. దుంగకు 20 రూపాయల కూలి పడింది. కూలిని వెయ్యికి పెంచారు, పని అంతే ఉంది. దుంగకు 25 పడుతుంది, ఇక్కడ యజమాని భయం న్యాయమైనదే. కూలి వెయ్యి అయి, రంపపు బ్లేడు కొత్తది వచ్చి 50 దుంగలు కోస్తే? మళ్లీ 20. అరవై కోస్తే పదిహేడు రూపాయలకు లోపే, కూలి పెరిగినా సప్లయి రేఖ కుడికే జరుగుతుంది. ఇప్పుడు తిప్పి చూడండి. కూలి 800 దగ్గరే బిగించారు. బ్లేడు మొద్దుబారింది, కరెంటు రెండుసార్లు పోయింది, లారీ ట్రాఫిక్ ఆంక్షల్లో చిక్కి ఆలస్యంగా వచ్చింది. ఆ రోజు కోసింది 25 దుంగలు. దుంగకు 32 రూపాయలు. కూలి పైసా పెరగకుండానే ఖర్చు అరవై శాతం పెరిగింది. ఇందులో పనివాడి తప్పేమిటో నాకైతే కనిపించదు.

నగరంలో లేచే ఆకాశహర్మ్యాల దగ్గర ఈ నిష్పత్తి ఇంకో రకంగా మారుతోంది. కర్రలు పాతి, చెక్కలు పరిచి, మేకులు కొట్టి సెంట్రింగ్ చేసే రోజులు పెద్ద సైట్లలో పోయాయి. అల్యూమినియం పలకల అచ్చు వచ్చింది, పనివాళ్లు 'మైవాన్' అంటారు. గోడ, స్లాబ్ కలిపి ఒకేసారి పోస్తారు. పలకను పలకకు పిన్నుతో బిగించడమే పని, వడ్రంగి నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు, గోడ నున్నగా వస్తుంది కనుక ప్లాస్టరింగూ తగ్గుతుంది. వారం పది రోజులకో స్లాబ్ లేస్తుంది. మనిషికి అయ్యే పని ఇంత పెరిగినా, ఆ పలకలు మోసే కుర్రాడి కూలి పాత సెంట్రింగ్ వడ్రంగి కూలి కన్నా తక్కువే ఉంటుంది. ఉత్పాదకత పెరిగితే జీతం దానంతటదే పెరుగుతుందనే నమ్మకం ఒకటి మన ఆర్థికవేత్తల్లో ఉంది. ఆ కుర్రాడిని చూస్తే ఆ నమ్మకం నిలవదు. పెరిగిన ఉత్పాదకత అచ్చు కొన్నవాడి ఖాతాలో పడుతుంది. అందులో ఎంతోకొంత కూలికి రావాలంటే మధ్యలో యూనియనో, చట్టమో, మనుషుల కొరతో ఏదో ఒకటి ఉండాలి.

గుత్త పనిలో సంగతి మరీ విచిత్రం. భోయిగూడ, రాణిగంజ్, ముషీరాబాద్ వైపు సరుకు ఎత్తి దించే హమాలీల్లో చాలామందికి రోజుకూలి ఉండదు, లోడుకు ఇంత అని రేటు. రేటు ఎప్పుడు పెరిగిందని కలప డిపో బయట కూర్చున్న ఒకతన్ని అడిగాను. "రేటు పాతదే సార్. బేరం మాత్రం రోజూ ఉంటది" అన్నాడు. ఆ రెండు ముక్కల్లో ఎంత అర్థశాస్త్రం ఉందో ఆలోచించండి. నెల జీతగాడు నాలుగు గంటలు ఖాళీగా కూర్చుంటే నష్టం యజమానిది, వస్తువుపై ఖర్చు పెరుగుతుంది, సప్లయి రేఖ ఎడమకు జరుగుతుంది. లోడు లెక్కన పనిచేసే హమాలీ, పగటి ఆంక్షల వల్ల లారీ రాక నాలుగు గంటలు కూర్చుంటే యజమానికి పోయేదేమీ లేదు. లోడుకు ఇచ్చేది అంతే. నగరంలో ఇరుకు రోడ్లు, పార్కింగు లేమి, వానాకాలపు మోకాటిలోతు నీళ్లు, వీటన్నిటివల్ల పోయే ఉత్పాదకత ఆ మనిషి సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లే సంచిలో తగ్గుతుంది. రేఖ ఉన్నచోటే ఉంటుంది. అందుకే నగర ప్రణాళికలో సరుకు రవాణా అనే అధ్యాయం ఎప్పుడూ పల్చగా ఉంటుందని నా అనుమానం. నష్టపోయేవాడి నష్టం ఏ పద్దులోకీ రాదు కదా!

రేఖ నిజంగా ఎడమకు జరిగితే ఎలా ఉంటుందో మనం ఒకసారి కళ్లారా చూశాం. 2020 మే 1న, లాక్‌డౌన్ మధ్యలో, దేశంలో తొలి శ్రామిక్ రైలు బయల్దేరింది లింగంపల్లి నుంచే. సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. ఆ తర్వాతి వారాల్లో అలాంటి రైళ్లు వరసకట్టాయి. సరిగ్గా అప్పుడే తెలంగాణలో యాసంగి వరి కల్లాల మీద ఉంది, రైసుమిల్లుల దగ్గర లారీలు బారులు తీరాయి, బస్తాలు దించేవాళ్లు లేరు. మే 8న బిహార్‌లోని ఖగరియా నుంచి ఒక రైలు ఎదురొచ్చింది. రెండు వందల మందికి పైగా మిల్లు హమాలీలు అందులో లింగంపల్లిలో దిగారు. అప్పటి పౌరసరఫరాల మంత్రి గంగుల కమలాకర్ స్టేషనుకు వెళ్లి గులాబీ పూలిచ్చి ఆహ్వానించారు. హమాలీకి మంత్రి పువ్వు ఇచ్చిన సందర్భం నాకు ఇంకోటి గుర్తు లేదు. శ్రమ సప్లయి పడిపోతే బేరం ఎటు తిరుగుతుందో ఆ పువ్వు చెప్పింది.

జాతీయ లెక్కల్లోనూ అదే కనిపించింది. 2020 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో జీడీపీ తొలి అంచనా ప్రకారం 23.9 శాతం పడిపోయింది. జనం కొనడం మానేయడమే దీనికి ఏకైక కారణమైతే ధరలూ పడాలి. పడలేదు. ఆ ఆర్థిక సంవత్సరం సగటు ద్రవ్యోల్బణం 6.2 శాతం, అక్టోబరులో 7.6. ఉత్పత్తి తగ్గుతూ ధరలు పెరిగాయంటే డిమాండుతోపాటు సప్లయి రేఖ కూడా గట్టిగా ఎడమకు జరిగిందన్నమాట. ఇలాంటప్పుడు రిజర్వ్ బ్యాంకు చేయగలిగింది తక్కువ. వడ్డీరేటుతో డిమాండును అటూ ఇటూ లాగవచ్చు, ఖగరియా నుంచి హమాలీని తేలేదు.

వలస కూలీలు తిరిగొచ్చాక పువ్వుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలో ఒక తుక్కు గోడౌన్ అంటుకుంది. పైగదిలో నిద్రపోతున్న బిహార్ కార్మికులు పదకొండు మంది చనిపోయారు, ఒక్కడు బయటపడ్డాడు. పనిచేసే చోటే పడక. అద్దె లేదు, రాకపోకల ఖర్చు లేదు, రాత్రి లారీ వస్తే దించడానికి మనిషి సిద్ధం. యజమానుల లెక్కలో ఇది ఉత్పాదకత కిందికే వస్తుంది. మనిషి రాత్రికి రాత్రి పనికి అందుబాటులో ఉండటం, తలదాచుకునే చోటు ఖర్చు కూలిలో చేరకపోవడం, ఈ రెండూ సరుకును చౌకగా ఉంచుతాయి. రెండో మెట్ల దారి, గోడౌన్‌కు దూరంగా ఒక గది ఉంటే తుక్కు కిలోకు ఎన్ని పైసలు పెరిగేదో ఎవరూ లెక్క కట్టలేదు. బహుశా ఎక్కువేమీ కాదు. నగరంలో చౌక సప్లయి అని మనం చెప్పుకునేదాంట్లో ఇలా లెక్కకెక్కని ఖర్చు ఎంతుందో తేల్చకుండా, కూలి పెరిగితే ధరలు పెరుగుతాయని మాట్లాడటం నాకు మింగుడుపడదు.

ఉత్పాదకత అనే మాటను గంటలతో కలిపి గందరగోళం చేయడం ఈ మధ్య మరో ముచ్చట. 2025 జనవరిలో ఒక పెద్ద నిర్మాణ సంస్థ అధినేత వారానికి 90 గంటల పని గురించి మాట్లాడి నవ్వులపాలయ్యారు. ఆ ఏడాది జులై 5న తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవడానికి జీవో ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి, ఆపైన పనిచేస్తే రెట్టింపు వేతనం అన్న షరతులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. వారం గంటలు పెరగనప్పుడు నష్టమేమిటని అడగవచ్చు. కాగితం మీద నష్టం లేదు. కానీ గంటలు సాగదీస్తే పెరిగేది రోజుకు అయ్యే పని, గంటకు అయ్యే పని కాదు. తొమ్మిదో గంటలో మోసిన బస్తా మొదటి గంటలో మోసిన బస్తా కన్నా బరువెక్కువ. ఈ సంగతి కొలవడానికి పరిశోధన అక్కర్లేదు, ఒక పూట ఎత్తి చూస్తే చాలు. గంటకు పని పెరగాలంటే యంత్రం, వెలుతురు, నేర్పు, నిద్ర కావాలి. నాలుగింటికీ డబ్బు ఖర్చవుతుంది. గంటలు పొడిగించడానికి ఒక జీవో కాగితం చాలు.

యజమానుల దగ్గర ఇవ్వడానికేమీ లేదా? పెద్దవాళ్ల సంగతి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వేనే చెప్పింది. 2024-25 సర్వే ప్రకారం 2023-24లో కార్పొరేట్ లాభదాయకత పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరింది. నిఫ్టీ 500 కంపెనీల లాభాలు జీడీపీలో 4.8 శాతానికి పెరిగాయి. ఆ ఏడాది లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. కంపెనీలు కూలివాళ్ల వాటా గురించి ఆలోచించాలని సర్వే కాస్త మొహమాటంగానే హెచ్చరించింది. పై అంకెలు చూస్తే, ఆ స్థాయిలో కూలి కొంత పెరిగినా ధరలు పెరగాల్సిన పని లేదు, లాభం కొంత తగ్గితే సరిపోతుంది. సప్లయి రేఖ గీసేటప్పుడు యజమాని మార్జిన్ ఎప్పుడూ మారదని ఊహించుకోవడం సిద్ధాంతకర్తల సౌకర్యం కోసమే.

అయితే భోయిగూడ డిపో యజమాని నిఫ్టీ 500లో లేడు. అతనికి గోడౌన్ అద్దె, కరెంటు బిల్లు, జీఎస్టీ, బాకీపడి ఏడాదైనా ఇవ్వని బిల్డరు ఉన్నారు. ఒక్కసారిగా పాతిక శాతం కూలి పెంచమంటే ఇద్దరిని మాన్పిస్తాడు, లేదా షట్టరు దించేస్తాడు. అప్పుడు రేఖ నిజంగానే ఎడమకు పోతుంది. ఇది కల్పిత భయం కాదు. కానీ ఒక్కసారిగా పాతిక శాతం పెంచాల్సిన పరిస్థితి ఎందుకు వస్తోంది? ఏటా నాలుగో అయిదో శాతం పెరగాల్సినదాన్ని ఏడేళ్లు తొక్కిపెట్టి, చివరికి సమ్మె వచ్చాకో, కోర్టు మొట్టికాయ వేశాకో ఒక్కసారిగా వదిలితే చిన్న యజమానికి అది భూకంపంలా తగులుతుంది. ఏటా జరిగే చిన్న సవరణను అతను తట్టుకుంటాడు, ధరలో కొంత, మెరుగైన ట్రాలీలోనో కొత్త బ్లేడులోనో కొంత సర్దుకుంటాడు. కూలి మెల్లగా పైకి నెడుతుంటేనే కొత్త పనిముట్టు కొనాలన్న బుద్ధి పుడుతుంది. చౌకగా మనుషులు దొరికినన్నాళ్లు ట్రాలీ కొనేవాడెవడు? స్వల్పకాలాన్ని ఏళ్ల తరబడి సాగదీయడం వల్ల జరిగే పెద్ద నష్టం నా దృష్టిలో ఇదే. పనివాడి కడుపు కొట్టడంతో ఆగకుండా, అది ఉత్పాదకతను కూడా నిద్రపుచ్చుతుంది.

చిన్న పనులవాళ్లకు ఏటా సవరణ ఎవరు చేయాలి? ఆర్టీసీకి యూనియన్ ఉంది, సినిమాకు ఫెడరేషన్ ఉంది. అడ్డా కూలికి, గోడౌన్ కుర్రాడికి, అపార్టుమెంటు వాచ్‌మన్‌కు 2025 నవంబరు దాకా ఉన్నది కనీస వేతన చట్టం ఒక్కటే. 1948 నాటి ఆ చట్టం ప్రకారం అయిదేళ్లు దాటకుండా రేట్లను సమీక్షించాల్సి ఉండేది. మధ్యలో ధరల సూచీ ప్రకారం పెరిగే కరవు భత్యం వేరు, మూల వేతన సవరణ వేరు. తెలంగాణలో చాలా పనులకు మూల రేట్లు ఉమ్మడి రాష్ట్రంలో రాసినవే. 2021 జూన్ 30న భవనాలు, రోడ్ల నిర్మాణం, సెక్యూరిటీ సేవల వంటి రంగాలకు కొత్త రేట్లు ఖాయం చేస్తూ 21 నుంచి 25 దాకా అయిదు జీవోలు వచ్చాయి. జీవో వస్తే సరిపోదు, గెజిట్‌లో అచ్చు కావాలి. అక్కడ ఆగింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. 2025 నవంబరు 21న కేంద్రం కొత్త కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది, పాత కనీస వేతన చట్టం స్థానంలో వేతన స్మృతి వచ్చింది. అందులోనూ అయిదేళ్లలోపు సమీక్ష ఉండాలనే రాసి ఉంది. అయిదేళ్లని రాసిన పాత చట్టం ఎలా నడిచిందో చూశాక, కొత్తదాని మీద పందెం కాసే ధైర్యం నాకు లేదు.

ఆ గెజిట్ అచ్చుకావాల్సిన ప్రభుత్వ ముద్రణాలయం చంచల్‌గూడలో ఉంది. బన్సీలాల్‌పేట్ నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. ట్రాఫిక్ లేని వేళ చూసుకుని ట్రాలీ ఆటోలో బయల్దేరితే అరగంట.